చివరికి ఆ పిల్ల ఎవరింట్లో ఉంది?

మా నాయనమ్మకి కథ చెప్పడం అంత తేలికైన పనేమీ కాదు. సినిమా చూసొచ్చి పిల్లలమంతా ఆవిడ మంచం చుట్టూ చేరేవాళ్ళం. హీరో ఏమన్నాడో, హీరోయిన్ వానలో ఎలా తడిసిందో, తండ్రి ఎలా గుడ్లురిమాడో పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళం. ఆవిడ దీపానికి వత్తులు చేసుకుంటూ, మధ్యమధ్య "ఊఁ" కొడుతూ అంతా వినేది. ఆఖర్న మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసేది.

"అంతా బాగానే ఉంది గానీ, చివరికి ఆ పిల్ల ఎవరింట్లో ఉందే?"

మాకు ఒళ్ళు మండిపోయేది. మేం ప్రేమ గురించి చెప్తుంటే ఈవిడ ఇంటి సంగతి అడుగుతుందేమిటి! "శుభం కార్డు పడింది నాయనమ్మా" అంటే, "ఆ కార్డు పడ్డాక మర్నాడు పొద్దున్న పొయ్యి ఎవరింట్లో వెలిగించిందీ అనే నేనడిగేది" అనేది. ఆవిడకి కళాహృదయం లేదని తీర్మానించేసుకున్నాం.

ఆ ప్రశ్న ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ నా నెత్తిమీదకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు వచ్చింది. హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతోంది. రాత్రి భోజనాలయ్యాక, నేను గిన్నెలు కడుగుతుంటే తుడిచి పెడుతూ, "అత్తా, ఒకటి అడుగుతాను, కోప్పడవుగా?" అంది. కోప్పడనన్నాను. కోపం తెప్పించే ప్రశ్నలకి ముందు ఇచ్చే అభయాలు ఎంతవరకు నిలుస్తాయో మీకూ తెలుసు.

"నీ నవలల్లో ఇంట్లోంచి వెళ్ళిపోయిన అమ్మాయిలకి ఎప్పుడూ మంచివాడే దొరుకుతాడేం?"

నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. అది నవ్వలేదు. అప్పుడు చెప్పింది. దాని క్లాసులోనే ఒక అమ్మాయి కిందటేడు ఒక అబ్బాయితో వెళ్ళిపోయిందట. నాలుగు నెలలు గడిచాయి. అబ్బాయి ఇంట్లో కులం కాదన్నారు. అబ్బాయి తల్లి ఏడ్చింది, అబ్బాయి కరిగాడు. ఈ పిల్ల సూట్‌కేసు పట్టుకుని కన్నవాళ్ళ గుమ్మం ముందు నిలబడితే తలుపు తియ్యలేదు. లోపల దీపం వెలుగుతూనే ఉందిట. రాత్రికి రాత్రి బస్సెక్కి హాస్టలుకొచ్చింది. మా మేనకోడలు వార్డెను కంట పడకుండా తన గదిలో పదకొండు రోజులు దాచి, మెస్సులో తన కంచంలో పెట్టించుకున్నదే ఇద్దరికీ సర్దింది.

"నీ నవల చదివి వెళ్ళిందని నేననను అత్తా. అంత పిచ్చిది కాదు. కాని దాని సూట్‌కేసులో నీ పుస్తకం ఉంది" అంది మెల్లిగా.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఆ పుస్తకంలో నేనేం చేశానో నాకు బాగా గుర్తుంది. ఇరవైరెండో వారానికి కథానాయికని వానలో నడిరోడ్డున నిలబెట్టాను. ఇరవైనాలుగో వారానికి సీరియల్ ముగించాలి. చేతిలో రెండంటే రెండు వారాలు. ఏం చేస్తాం? మావగారికి గుండెనొప్పి తెప్పించాను! ఆస్పత్రి మంచంమీద ఆయన మనసు మారిపోయింది. ముప్పైఏళ్ళుగా పాతుకుపోయిన కులాభిమానం ఒక్క సెలైన్ సీసాతో కరిగి కారిపోయింది. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. నా కథలో మావగార్లకి గుండె జబ్బులు కాస్త ఎక్కువేనని ఎవరూ పట్టించుకోలేదు.

నేను విమర్శకురాలిని కాను. బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని, ఆ తర్వాత కథలు రాసుకుంటున్నదాన్ని. కాని ఆ మర్నాటినుంచి అలమార్లోని పాత పుస్తకాలు దించి, నాయనమ్మ ప్రశ్న పట్టుకుని మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ప్రేమ ఎంత గొప్పదీ అని కాదు. ఆ ప్రేమకోసం గడప దాటింది ఎవరు? దానికి మూల్యం చెల్లించింది ఎవరు? చివరికి ఆ పిల్ల ఎవరింట్లో ఉంది?

ముందుగా చేతికొచ్చింది కన్యాశుల్కం. గురజాడ అప్పారావుగారి ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. మనమంతా చదివేది ఆయన పెంచి, మార్చి 1909లో వేసిన రెండో కూర్పు. ఇందులో ఎవరు గొప్పవారని అడిగితే మనవాళ్ళు గిరీశమంటారు, మధురవాణంటారు. బుచ్చమ్మ పేరు చెప్పేవాళ్ళు తక్కువ. ఆమెని అమాయకురాలని జాలిపడి వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను.

ఈసారి చదివితే ఆశ్చర్యమేసింది. ఆ నాటకంలో నిజంగా సాహసం చేసినవాళ్ళ లెక్క తీస్తే, బుచ్చమ్మ పేరు పైవరసలో ఉంటుంది. బాల్యవితంతువు. తండ్రి అగ్నిహోత్రావధాన్లు నోరు విప్పితే నిప్పులు. ఆమె పెళ్ళి ఏమయిందో కళ్ళముందు కనబడుతున్నా, చిన్నకూతురు సుబ్బిని పద్ధెనిమిది వందల రూపాయలకి ముసలి లుబ్ధావధాన్లుకిచ్చే ఏర్పాట్లలో ఉన్నాడు. తల్లి వెంకమ్మ ఆపలేక నూతిలో దూకింది. దూకినా ఆయన మారలేదు. చూశారా, గురజాడవారు మావగారి గుండెనొప్పిలాంటి ఉపాయాలు నమ్ముకోలేదు!

సరిగ్గా ఆ సమయానికి తమ్ముడికి చదువు చెప్తానంటూ ఇంట్లో దిగాడు గిరీశం. అతను వితంతు వివాహాల గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా బుచ్చమ్మని గడప దాటించింది ఆ ఉపన్యాసాలు కావు. మనిద్దరం వెళ్ళిపోతే నీ చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది అన్న మాట ఆమెని కదిలించింది. ఈ సంగతి నేను ఇన్నిసార్లు చదివీ గమనించలేదు. గిరీశంమీద ఆమెకి ఇష్టం లేదనను. ఉంది. కాని రాత్రివేళ, దారి మధ్యలో, కన్నవాళ్ళని వదిలి చీకట్లోకి అడుగు వేసినప్పుడు ఆమె మనసులో ఒక పసిపిల్ల ఉంది. తనకి జరిగింది దానికి జరగకూడదన్న పట్టుదల ఉంది. మనం ప్రేమకథ అనుకున్నదాని అడుగున ఒక అక్క కథ ఉంది.

ఇక గిరీశం ఏం పణం పెట్టాడు? ఏమీ లేదండీ. ఆయనకి పోయేందుకు ఏమైనా ఉంటేగదా! పూటకూళ్ళమ్మ ఇంట్లో తిన్నాడు, ఆమె డబ్బు వాడుకున్నాడు, చీపురుకట్ట చూడగానే పారిపోయాడు. శిష్యుడి ఇంట్లో తిన్నాడు. ఆయన మాటల్లో సంఘసంస్కరణ అంతా ఎదుటివాళ్ళ ఖర్చుమీద నడిచే భోజనహోటలు. మనం ఇప్పటికీ అతన్ని చూసి నవ్వుతున్నాం. నవ్వాల్సిందే. కాని మా మేనకోడలి స్నేహితురాలి సంగతి విన్నాక, ఆ నవ్వులో కాస్త చేదు తగిలింది. తెల్లషర్టు వేసుకుని, అమ్మ ఏడ్చిందని కరిగిపోయిన ఆ అబ్బాయి గిరీశమంత తెలివైనవాడు కాకపోవచ్చు. లెక్క మాత్రం అదే లెక్క.

మరి చివరికి బుచ్చమ్మ ఎవరింట్లో ఉంది? గిరీశం ఇంట్లో లేదు. తండ్రి ఇంట్లోనూ లేదు. వకీలు సౌజన్యారావు పంతులుగారు ఆమెని పూనాలో వితంతువుల శరణాలయానికి చదువుకోవడానికి పంపిస్తారు. చిన్నప్పుడు నాకు ఈ ముగింపు నచ్చేది కాదు. ఇంత చేసి ఆ పిల్లని హాస్టల్లో పడేశారేమిటి అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, మన సాహిత్యంలో ఒక ఆడపిల్లకి మొగుడి ఇల్లూ, పుట్టిల్లూ కాని మూడో ఇల్లు ఉంటుందని చెప్పిన తొలి ముగింపుల్లో ఇదొకటి అనిపిస్తోంది. ఆమెకి పెళ్ళి చెయ్యడానికి గురజాడవారికి అడ్డేమీ లేదు. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. గిరీశాన్ని మూడు వాక్యాల్లో మంచివాణ్ణి చేసేసి అక్షింతలు వేయించెయ్యొచ్చు. నేనైతే అదే చేసేదాన్ని. ఆయన చెయ్యలేదు. ముందు పిల్లని పెద్దదాన్ని కానిమ్మన్నారు.

అలా అనడానికి ఆయనకి కారణముంది. మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజావారి కోసం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో జరిగిన కన్యాశుల్క వివాహాలు లెక్కగట్టిస్తే 1,034 తేలాయి. అందులో పెళ్ళికూతురికి అయిదేళ్ళున్నవి 99, నాలుగేళ్ళున్నవి 44, మూడేళ్ళున్నవి 36, రెండేళ్ళున్నవి ఆరు, ఏడాది పిల్లలు ముగ్గురు! ఏడాది పిల్లంటే అప్పుడే తప్పటడుగులు వేస్తున్నదన్నమాట. ఇలాంటి పట్టిక బల్లమీద పెట్టుకుని రాసినవాడికి శుభం కార్డు వెయ్యడానికి చెయ్యాడుతుందా? ఆడపిల్లల పెళ్ళికి పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం రావడానికి 1929 దాకా ఆగాల్సి వచ్చింది.

సౌజన్యారావుగారి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయన మంచివాడు. నాటకం మొత్తంలో నిఖార్సయిన మంచివాడు. అయితే ఆయనకి వేశ్యలంటే గిట్టదు. మాట్లాడడు, గుమ్మం తొక్కనివ్వడు. అందుకని మధురవాణి మగవేషం వేసుకుని ఆయన ఇంటికి రావలసి వచ్చింది. లుబ్ధావధాన్ల మీద పడ్డ హత్యానేరం చిక్కు విడదీసే రహస్యం ఆమె దగ్గరుంది. గిరీశం అసలు రంగు బయటపెట్టిందీ ఆమే. చెడ్డవాళ్ళ దురభిమానం గురించి నవలలు రాయడం తేలికండీ. గుడ్లురిమే తండ్రి, మీసాలు మెలేసే మేనమామ ఉంటే చాలు. మంచివాళ్ళ దురభిమానం చూపించడం కష్టం. తాను ఎవర్ని ఇంట్లోకి రానివ్వలేదో ఆవిడ చేతిలోనే ఆ మంచాయన పాఠం నేర్చుకున్నాడు. ముద్దు కోరినట్టే కోరి, ఆయన ఒప్పుకున్నాక, చెడనివాళ్ళని చెరపవద్దన్న తల్లి మాట తలచుకుని వెనక్కి తగ్గిందావిడ.

ఇంత చేసినదానికి ఆమెకి దక్కిందేమిటి? భగవద్గీత పుస్తకం. బుచ్చమ్మకి పూనా, మధురవాణికి పుస్తకం! ఇక్కడ మాత్రం మా నాయనమ్మ తరఫున నేను గురజాడవారిని నిలదీస్తాను. చివరికి ఆ పిల్ల ఎవరింట్లో ఉంది స్వామీ? తన ఇంటికి తను తిరిగి వెళ్ళింది, అంతే. అందరి కథనీ ఒడ్డున పడేసినావిడకి కథ చివర ఒక కుర్చీ వెయ్యలేకపోయారు. అది ఆయన లోపమా, ఆ కాలపు లోపమా అని అడిగితే, ఆయన ఆ ఖాళీని దాచలేదు కాబట్టి కాలానిదే అంటాను.

ఎదగడం అంటే ఏమిటో కూడా ఇదే నాటకంలో ఇద్దరు కుర్రాళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. వెంకటేశం పరీక్ష తప్పాడు. చుట్టకాల్చడం, కోతలు కొయ్యడం గురువుగారి దగ్గర నేర్చుకున్నాడు. ఇంట్లో అమ్మ నూతిలో దూకినా అతనికేమీ అంటలేదు. రెండోవాడు కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. వాడికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురుగా అమ్మేశారు. దొరికితే వీపు చీరేస్తారు. భయపడుతూనే, అల్లరి చేస్తూనే పని ముగించి బయటపడ్డాడు. ఒకడు సుఖంగా ఉండి ఎదగలేదు, ఒకడు ఒక పసిపిల్ల స్థానంలో నాలుగు రోజులు కూర్చుని ఎదిగాడు. మనిషి పెద్దవాడు కావాలంటే ఇంకొకరి స్థానంలో కాసేపు కూర్చోవాలి కాబోలు. వెంకటేశానికి ఆ అవకాశం ఇవ్వడం ఎవరికీ తోచలేదు, పాపం.

తర్వాత తీసింది చలం మైదానం. 1927 నాటి నవల. మా కాలేజీ రోజుల్లో దీన్ని అట్టమీద న్యూస్‌పేపరు వేసి చదివేవాళ్ళం. రాజేశ్వరి ప్లీడరుగారి భార్య. ఇంట్లో దేనికీ లోటు లేదు, ప్రేమకి తప్ప. అమీర్‌తో వెళ్ళిపోతుంది. కులం, మతం, నగలు, పరువు అన్నీ ఒక్క అడుగులో దాటేసింది. మైదానంలో ఒక గుడిసె. ఆకాశమంత సంతోషం.

ఆ సంతోషాన్ని తిట్టేవాళ్ళు తిట్టారు, పొగిడేవాళ్ళు పొగిడారు. ఇద్దరూ మొదటి సగం దగ్గరే ఆగిపోయారేమోనని నా అనుమానం. రెండో సగంలో ఏమవుతుంది? అమీర్ మనసు ఇంకో అమ్మాయిమీదికి పోతే రాజేశ్వరి ఆ అమ్మాయిని అతనికి దక్కేట్టు చెయ్యడానికి పూనుకుంటుంది. కడుపుతో ఉంటే బిడ్డ వద్దంటాడు. వద్దన్నందుకు ఆమె కడుపు పోగొట్టుకుంటుంది. ఒక యజమాని నుంచి పారిపోయి వచ్చి ఇంకో యజమానిని నెత్తిన పెట్టుకుందా అని మనకి బాధేస్తుంది. ఆ తర్వాత మీరా వస్తాడు. అప్పుడు అమీర్ అసూయతో రగిలిపోయి చివరికి తనని తనే పొడుచుకుంటే, ఆ నేరం కూడా రాజేశ్వరే తనమీద వేసుకుంటుంది.

చివరికి ఆ పిల్ల ఎవరింట్లో ఉంది? జైల్లో ఉంది. ప్రేమ స్వర్గమని చెప్పిన రచయిత అని చలాన్ని అంటారు గానీ, ఆయన బిల్లు దాచలేదండీ. మైదానానికి గోడలు లేవన్నది నిజమే. తలుపు కూడా లేదు. వెళ్ళాక లోపలినుంచి గడియ వేసుకుని నిబ్బరంగా పడుకునే చోటు అది కాదు. చలంగారు రాజేశ్వరి చేత పశ్చాత్తాపం పలికించలేదు. అది ఆయన నిజాయితీ. నష్టం జరగలేదనీ చెప్పలేదు. అది ఇంకా పెద్ద నిజాయితీ. చదివి ఇంట్లోంచి వెళ్ళిపోతారని భయపడి ఆ నవలని దాచిన పెద్దవాళ్ళు, చివరిదాకా చదివి ఉంటే పిల్లల చేతికి వాళ్ళే ఇచ్చేవారేమో!

మూడోది డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు. 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చి 1958లో పుస్తకమైంది. శ్రీదేవిగారు వైద్యురాలు. రాసింది ఈ ఒక్క నవలే. ముప్పైరెండేళ్ళు నిండకుండానే 1961లో పోయారు. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఆధారం ఈ నవలే. సినిమా సరదాగా ఉంటుంది. నవల సరదాగా ఉండదు. అందుకే ఇంకా బతికుంది.

ఇందులో ఇందిర ఉంది. విశాఖపట్నం. తాగుబోతు తండ్రి. సంసారం ఆమె జీతంమీద నడవాలి. మేడమీద గదిలో ఉంటున్న వైద్యవిద్యార్థి ప్రకాశం మెత్తనివాడు, మంచివాడు, ఒట్టి పిరికివాడు. ఇందిరకి అతను కావాలి. ఎందుకు కావాలో ఆమె దాచుకోదు. ఈ ఊబిలోంచి బయటపడాలి, దానికి ఒక చెయ్యి కావాలి. మన పత్రిక నవలల్లో నాయికలు ఇలా అనరు. పెదవి కొరుక్కుంటారు. ఇందిర పెదవి కొరుక్కునే రకం కాదు. కల్యాణి విషయంలో ఆమె ప్రవర్తన మనకి నచ్చదు. నచ్చకూడదనే రచయిత్రి రాసింది. లేమి మనిషిని ఎప్పుడూ ఉదాత్తంగానే ఉంచుతుందని నమ్మడానికి శ్రీదేవిగారు ఆస్పత్రుల్లో బోలెడంతమందిని చూసినవారాయె.

ప్రకాశం ఏం చేశాడు? పెద్దవాళ్ళొచ్చి పద అంటే నోరెత్తకుండా వాళ్ళ వెనకాలే పోయాడు. ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అమ్మ ఏడ్చిందని కరిగిన ఆ అబ్బాయి మళ్ళీ గుర్తొచ్చాడు. గిరీశానికి మాటలున్నాయి, అమీర్‌కి ఆవేశముంది, ప్రకాశానికి మంచితనముంది. ముగ్గురి చేతిలోనూ ఆడపిల్లకి చివరికి దక్కింది ఒకటే. మోసగాడిని కనిపెట్టమని మనం ఆడపిల్లలకి చెప్తాం గాని, మంచివాడైన పిరికివాణ్ణి కనిపెట్టడం ఎలాగో చెప్పం. ఎందుకంటే అతన్ని మనమే పెంచుతాం. "మా అబ్బాయి నా మాట జవదాటడు" అని పేరంటాల్లో మురిసిపోతూ చెప్పుకునేది మనమే కదా!

ప్రకాశం పోయాక ఇందిర గోదార్లోనో సముద్రంలోనో దూకలేదు. ఏడుస్తూ కూర్చోలేదు. కృష్ణమూర్తిని పెళ్ళి చేసుకుంది. అతని లోపాలు తెలిసే చేసుకుంది. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు భ్రమలు పెట్టుకోలేదు. ఇది ఓటమా, గెలుపా? చదివిన ప్రతిసారీ నా జవాబు మారుతోంది. ఇరవైల్లో చదివినప్పుడు రాజీ అన్నాను. నలభైల్లో చదువుతుంటే, తన లెక్క తనే రాసుకుని, తన అప్పు తనే తీర్చుకున్న మనిషి అనిపించింది. చివరికి ఎవరింట్లో ఉంది అని అడిగితే, ఇది నా ఇల్లు అని ధైర్యంగా చెప్పగలిగేది ఈ ముగ్గురిలో ఇందిర ఒక్కతే. బుచ్చమ్మని ఇంకొకరు పంపించారు. రాజేశ్వరిని ప్రభుత్వం పంపించింది. ఇందిర తనంతట తను వెళ్ళింది.

ఇలా రాస్తే, విషాదాంతాలే గొప్పవి, సుఖాంతాలు రాసేవాళ్ళంతా మోసగాళ్ళు అని నేనంటున్నట్టు తోచవచ్చు. అలా అంటే నా పొట్ట నేనే కొట్టుకున్నట్టు! సుఖాంతంలో తప్పు లేదు. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ ఉంది. 1960లలో అది వచ్చినప్పటినుంచి రాజశేఖరంలాంటివాడు కావాలని కలలు కన్నవాళ్ళని వెక్కిరించడం విమర్శకులకి అలవాటైపోయింది. కాని జయంతిని చూడండి. ఉద్యోగం చేసుకునే పిల్ల. డబ్బున్న మగవాడి ముందు తల వంచదు. చెవినపడ్డ మాటల్ని బట్టి అతన్ని అనుమానిస్తుంది, తను పొరబడ్డానేమోనని కూడా అనుమానిస్తుంది. ఆ కారు, ఆ బంగళా చూసి మురిసిన పాఠకురాళ్ళు, జయంతి తన జీతం తను తెచ్చుకుంటోందన్న సంగతి కూడా గమనించకపోలేదు. ఎంతోమంది ఆడపిల్లలకి ఆఫీసు గుమ్మం భయం పోగొట్టింది అలాంటి నవలలే. ఆ తర్వాత వచ్చిన మాలాంటివాళ్ళం చాలామందిమి కారుని ఉంచుకుని జీతాన్ని వదిలేశాం. తప్పు అక్కడ జరిగింది.

సుఖాంతానికీ, దొంగ సుఖాంతానికీ తేడా నాకిప్పుడు తెలుస్తోంది. సుఖాంతంలో పిల్ల నడుచుకుంటూ వెళ్ళి ఆ ఇంటికి చేరుతుంది. దారిలో కాళ్ళు నొప్పి పుడతాయి. దొంగ సుఖాంతంలో రచయిత్రి ఆమెని ఎత్తుకెళ్ళి దింపేస్తుంది. మావగారి గుండెనొప్పి అందుకే. నా నాయిక ఎవర్నీ ఎదిరించలేదు, ఎవర్నీ ఒప్పించలేదు. ఒక్క ఉద్యోగానికైనా దరఖాస్తు పెట్టుకోలేదు. వానలో నిలబడింది, అంతే. మిగతాదంతా నేనూ, గుండె జబ్బు డాక్టరూ కలిసి చేశాం. ప్రేమించే సాహసం ఆమెకిచ్చాను గానీ, దాని తర్వాత బతికే ఉపాయం ఇవ్వలేదు. ఎదగనివ్వలేదు.

మరి ఆ పుస్తకం చదివి ఎవరైనా గడప దాటితే పాపం నాదేనా? కాదనే అనుకుంటున్నాను. పుస్తకాలు చదవని పిల్లలు కూడా ప్రేమిస్తారు, వెళ్ళిపోతారు. వాళ్ళ ముందు తలుపు మూసింది నా నవల కాదు. లోపల దీపం వెలుగుతుండగా తలుపు తియ్యని ఆ తండ్రి నా నవల చదివి ఉండడు. కాని ఒక చిన్న బాధ్యత నాకుంది. వెళ్ళేదారి ఎంత అందంగా రాశానో, తిరిగొచ్చే దారిని కూడా అంత శ్రద్ధగా రాయాల్సింది. పూనాలాంటి మూడో ఇల్లు ఒకటి ఉంటుందని చెప్పాల్సింది. 1909 నాటికి గురజాడవారికి తట్టిన సంగతి, నూరేళ్ళు దాటాక నాకు తట్టకపోవడమే నన్ను బాధపెడుతోంది.

మా నాయనమ్మ గురించి చివరి మాట ఒకటి చెప్పాలి. ఆవిడకి ఇరవయ్యో ఏట తాతయ్య పోయారు. నాన్న అప్పటికి కడుపులో ఉన్నాడు. ఆ తర్వాత ఇరవైనాలుగేళ్ళు అన్నదమ్ముల ఇళ్ళల్లో, ఆర్నెల్లు ఒకరి దగ్గర, ఆర్నెల్లు ఒకరి దగ్గర, వంటచేస్తూ గడిపింది. నాన్నకి ఉద్యోగం వచ్చి రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నప్పుడు, గృహప్రవేశం రోజున పాలు పొంగిస్తూ ఏడ్చిందని అమ్మ చెప్పేది. మా సినిమా కథలన్నీ విని ఆవిడ ఎందుకు ఆ ఒక్క ప్రశ్నే వేసేదో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆవిడకి కళాహృదయం లేదని తీర్మానించినదాన్ని నేనే.

మేనకోడలు తిరిగి హాస్టలుకి వెళ్తుంటే బస్‌స్టాండుకి వెళ్ళాను. "ఇంతకీ నీ స్నేహితురాలు ఇప్పుడెక్కడుందే?" అనడిగాను.

"ఒక చిన్న ఉద్యోగం దొరికింది అత్తా. సాయంత్రాలు చదువుకుంటోంది. ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి గది తీసుకుంది. అద్దెలో నాలుగోవంతు తనే ఇస్తోంది" అంది. ఆ నాలుగోవంతు అన్నప్పుడు దాని మొహంలో కనిపించిన గర్వం ఏ శుభం కార్డులోనూ నేను చూడలేదు.

బస్సు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తా, కొత్త సీరియల్ రాస్తున్నావటగా? ఈసారి మావగారికి ఏం జబ్బు?" అని అరిచింది. పక్కనున్నవాళ్ళంతా నావైపు చూశారు.

ఈసారి మావగారు నిక్షేపంగా ఉంటారు. పిల్ల సంగతి ఇంకా తేలలేదు. అద్దె మాత్రం తనే కడుతుంది.